సభకు పిలుపు అందని వాటాదారు

వినాయక చవితి సందడి సద్దుమణిగే వేళకు నంది చుట్టుపక్కల గ్రామాలలోను, బాగేపల్లి, చింతామణి తాలూకాలలోను మరొక సందడి మొదలవుతుంది. అది సభల కాలం. మార్చి 31తో ముగిసిన ఆర్థిక సంవత్సరపు లెక్కలను సభ్యుల ముందుంచే గడువు సెప్టెంబరు నెలలోనే తీరుతుంది గనుక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు, నగరాలలోని పెద్ద కంపెనీలు దాదాపు ఒకే కాలంలో వార్షిక సభలు జరుపుతాయి. సరిహద్దు గ్రామంలోని ఒక్కొక్క కుటుంబానికి వీటిలో రెండింటితోనైనా సంబంధం ఉండడం నేడు వింత కాదు. తల్లి పాల సంఘంలో సభ్యురాలు, తండ్రి రైతు కంపెనీలో వాటాదారు, బెంగుళూరులో ఉద్యోగం చేసే కుమారుని పేరున డీమ్యాట్ ఖాతా. వాటాలు ఇంటింటా ఉన్నవి. సభకు పిలుపు మాత్రం ఇంటింటికీ అందడం లేదు.

ఇది చిన్న లోపంగా తోచవచ్చు. సభకు పోయినా పోకున్నా పాల బిల్లు వస్తూనే ఉన్నది కదా అని సరిపెట్టుకునేవారే ఎక్కువ. కాని సంస్థ స్థలం అమ్మేది, అప్పు చేసేది, డైరెక్టర్లను ఎన్నుకునేది, మరొక సంస్థలో విలీనమయ్యేది ఆ సభా తీర్మానాలతోనే. నోటీసు అందని సభ్యుడు ఆనాడు ఆ నిర్ణయానికి దూరమవుతాడు. సహకార సంఘాలలోనైతే మరునాటి ఓటుకు కూడ దూరం కావచ్చు.

పిలుపు మర్యాద కాదు, హక్కు

పెళ్ళి పిలుపు మర్యాదకు సంబంధించినది. పిలవడం మరచిన బంధువు అలుగుతాడు, అంతటితో సరి. సభకు పిలుపు అటువంటిది కాదు. వాటాదారు సంస్థకు యజమానులలో ఒకడు. యజమానికి తెలియకుండా ఆస్తి గురించి నిర్ణయించరాదన్న సూత్రమే నోటీసు నిబంధనకు మూలం. సభ్యుడు పిలవని పేరంటానికి వచ్చినవాడు కాడు, పేరంటమే అతనిది.

కంపెనీల చట్టం, 2013లోని 101వ సెక్షను ప్రకారం సర్వసభ్య సభకు 21 పూర్తి దినాల ముందు నోటీసు ఇవ్వాలి. 'పూర్తి దినాలు' అన్న మాటలోనే కీలకమున్నది. నోటీసు అందిన రోజును, సభ జరిగే రోజును లెక్కలోకి తీసుకోరాదు. సెప్టెంబరు 30న సభ అయితే 9వ తేదీ మొదలు 29వ తేదీ వరకు 21 దినాలు. అనగా నోటీసు 8వ తేదీకే సభ్యుని చేరాలి. తపాలాలో పంపితే, పోస్టు చేసిన 48 గంటలకు అందినట్లు చట్టం భావిస్తుంది గనుక 6వ తేదీకల్లా అది తపాలా కార్యాలయం చేరి ఉండాలి. ఇంతకంటె తక్కువ వ్యవధితో వార్షిక సభ పెట్టాలంటే ఓటుహక్కు గల సభ్యులలో 95 శాతం మంది ఒప్పుకోవాలి.

ఎవరికి ఇవ్వాలన్నదీ చట్టం చెప్పింది. ప్రతి సభ్యునికి, మరణించిన సభ్యుని చట్టబద్ధ వారసునికి, ఆడిటరుకు, డైరెక్టర్లందరికీ ఇవ్వాలి. పొరపాటున ఒకరిద్దరికి అందకపోయినంత మాత్రాన సభ చెల్లకుండా పోదు. కాని కావాలని ఒక వర్గాన్ని వదిలిపెట్టడం పొరపాటు కాదు; దానికి ఈ రక్షణ వర్తించదు.

వ్యవధి ఒక్కటే చాలదు. నోటీసులో స్థలం, తేదీ, వేళతోపాటు చర్చించబోయే విషయం ఉండాలి. సాధారణ వార్షిక వ్యవహారానికి మించిన ప్రతి ప్రత్యేక విషయానికి వివరణ జతచేయాలని, అందులో ఏ డైరెక్టరుకైనా స్వప్రయోజనం ఉంటే దానిని వెల్లడించాలని 102వ సెక్షను నిర్దేశిస్తున్నది. 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' అని చివర ఒక వాక్యం వ్రాసి, దాని చాటున స్థలం అమ్మకాన్ని ఆమోదింపజేయడం ఈ నియమానికి విరుద్ధం.

మన దేశానిది అతి కఠినమైన నియమమేమీ కాదు. బ్రిటన్‌లో పబ్లిక్ కంపెనీ వార్షిక సభకు 21 దినాలు, జర్మనీలో కనీసం 30 దినాలు వ్యవధి ఇవ్వాలి. దూరాన ఉన్న చిన్న వాటాదారు కాగితం చదివి, నలుగురితో ఆలోచించి, ప్రయాణానికి సిద్ధపడడానికి ఆ మాత్రం కాలం కావాలన్నది అన్ని చోట్లా అంగీకరించిన విషయం.

రైతు కంపెనీలో నోటీసు ఒక కట్ట

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు నియమాలు వేరు. వై.కె. అలఘ్ సంఘం సిఫారసుల మీదట 2002లో చట్టసవరణ ద్వారా ఈ తరహా కంపెనీలు పుట్టాయి. 2020 నాటి సవరణతో ఆ నిబంధనలు 2013 చట్టంలో ప్రత్యేక అధ్యాయంగా చేరి, 2021 ఫిబ్రవరి 11 నుండి అమలవుతున్నాయి. పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థలను నెలకొల్పే కేంద్ర పథకం 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన తరువాత టమాటా, ద్రాక్ష, వేరుశనగ పండించే గ్రామాలకు కూడ ఈ కంపెనీల పేరు సుపరిచితమైంది.

ఇందులో వార్షిక సభకు కనీసం 14 దినాల ముందు నోటీసు ఇస్తే చాలు. వ్యవధి తగ్గినా బరువు పెరిగింది. నోటీసుతోపాటు అజెండా, గత వార్షిక సభ మినిట్సు, డైరెక్టరు పదవికి పోటీచేసేవారి పేర్లు, వారి అర్హతలు, ఆడిట్ అయిన ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల లెక్క, ఆడిటరు నియామకపు ముసాయిదా తీర్మానం పంపాలి. నియమావళిని సవరించదలిస్తే ఆ ముసాయిదా కూడ జతపరచాలి. అనగా రైతు కంపెనీలో నోటీసు ఒక చీటీ కాదు, ఒక కట్ట.

మరొక ముఖ్య నియమం కోరం. నియమావళిలో అంతకు మించి లేకపోతే మొత్తం సభ్యులలో నాలుగవ వంతు హాజరు కావాలి. 800 మంది సభ్యులున్న కంపెనీలో 200 మంది రావాలి. అంతమంది రావాలంటే అంతకంటె ఎక్కువమందికి పిలుపు అందాలి. వాస్తవంలో 40 మంది వచ్చినచోట, మిగిలిన సంతకాలు ఆ తరువాత ఇంటింటికి తిరిగి సేకరించినచోట, ఆ సభ కాగితం మీద జరిగినదే గాని నేల మీద జరిగినది కాదు. ఎవరు ఎన్ని వాటాలు కొన్నా వ్యక్తులే సభ్యులైన రైతు కంపెనీలో మనిషికి ఒక ఓటే గనుక ప్రతి సంతకం ఒక ఓటుతో సమానం. చదవకుండా పెట్టిన సంతకం ఊరకే పోదు. అది ఇతరుల లెక్కలో పడుతుంది.

పాల సంఘంలో పిలుపు, ఓటు

ఈ ప్రాంతానికి అన్నింటికంటె దగ్గరి సంస్థ పాల సంఘం. కోలారు జిల్లానుండి 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా విడివడిన తరువాత ఉమ్మడి పాల సమాఖ్యను విభజించే ప్రశ్న ఏళ్ళ తరబడి రాజకీయాంశంగా నలిగింది. ఆ పెద్ద ప్రశ్నకు కూడ పునాది గ్రామస్థాయి సంఘమే. గ్రామ సంఘంలో ఎవరికి ఓటున్నదో, ఆ ఓటుతో ఎవరు ప్రతినిధి అవుతారో, దానినిబట్టే పైస్థాయి పీఠాలు నిర్ణయమవుతాయి.

సహకార సంఘాలకు కంపెనీల చట్టం వర్తించదు. ఇక్కడివాటికి కర్ణాటక సహకార సంఘాల చట్టం, 1959 వర్తిస్తుంది. సరిహద్దుకు ఆవల హిందూపురం, మదనపల్లె వైపు సభ్యత్వం ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టాలు వర్తిస్తాయి. అక్కడ 1964 నాటి చట్టమొకటి, పరస్పర సహాయ సహకార సంఘాలకోసం 1995లో చేసిన చట్టమొకటి ఉన్నాయి. రెండువైపులా పొలమున్న కుటుంబం ఏ సంఘానికి ఏ చట్టమో ముందుగా తెలుసుకోవాలి. ఒకచోటి అనుభవాన్ని మరొకచోట చెల్లించబోతే చెల్లదు.

రాజ్యాంగపు 97వ సవరణ 2012 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చినప్పుడు, సభ్యులు కనీసంగా సభలకు హాజరు కావాలని, సంఘపు సేవలను కనీసంగా వినియోగించుకోవాలని రాష్ట్రాలు చట్టం చేయవచ్చునని అందులో చేర్చారు. ఆ దారిలో కర్ణాటక తన చట్టాన్ని సవరించి, తగినన్ని వార్షిక సభలకు రాని సభ్యునికి ఓటుహక్కు లేకుండా చేసే నిబంధన తెచ్చింది. రాష్ట్రాలలో సగం ఆమోదించలేదన్న కారణంతో, రాష్ట్ర సహకార సంఘాల వరకు ఆ రాజ్యాంగ సవరణ చెల్లదని సుప్రీంకోర్టు 2021 జులై 20న తీర్పు చెప్పింది. అయితే రాష్ట్ర శాసనసభలు తమ అధికారంతో చేసుకున్న చట్టాల సంగతి వేరు.

నిబంధన ఉద్దేశం మంచిదే. సంఘంలో పాలు పోయకుండా, సభకు రాకుండా, ఎన్నికలనాడు మాత్రమే దర్శనమిచ్చే పేరుకు మాత్రపు సభ్యులను అదుపుచేయడం దాని లక్ష్యం. కాని హాజరు ఓటుకు షరతు అయిన క్షణంలో నోటీసు ఓటుకు ద్వారమైంది. పిలుపు అందని సభకు రాలేదన్న కారణంతో ఒకనిని ఓటర్ల జాబితానుండి తొలగిస్తే, శిక్ష తప్పు చేసినవానికి గాక తప్పుకు బలి అయినవానికి పడుతుంది. సహకార ఎన్నికలు సమీపించినప్పుడల్లా ఇటువంటి అనర్హతను ప్రశ్నిస్తూ సభ్యులు కర్ణాటక హైకోర్టు తలుపు తట్టడం ఇందువల్లనే. కోర్టుకు పోగలిగినవారు కొందరే. తమ పేరు అనర్హుల జాబితాలో ఉన్నదని పోలింగు నాడు గాని తెలియనివారి సంఖ్య ఏ రికార్డులోను ఉండదు.

కాబట్టి సంఘం నోటీసు ఇచ్చినదనడానికి రుజువు ఏమిటన్నది ప్రధాన ప్రశ్న. డైరీ గోడకు అంటించిన కాగితమా, సభ్యుని చేతికిచ్చి తీసుకున్న సంతకమా, తపాలా రసీదా? ఏది సరిపోతుందో, ఎన్ని దినాల వ్యవధి కావాలో సంఘపు ఉపనియమావళి చెబుతుంది. ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా తెరచి చూసిన సభ్యులు ఊరికి ఎందరున్నారన్నది ఎవరికి వారు వేసుకోవలసిన ప్రశ్న.

అడగని ఫలితం: సత్యం ఉదంతం

వాటాదారులను అడగకపోతే ఏమవుతుందనడానికి తెలుగువారికి తెలిసిన అతిపెద్ద ఉదాహరణ హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ డైరెక్టర్ల బోర్డు, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. వాటాదారుల సభ జరగలేదు, నోటీసు లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ డబ్బుతో స్థిరాస్తి, నిర్మాణ సంస్థల కొనుగోలు జరగబోతున్నదని అసలు యజమానులకు తెలిసింది బోర్డు నిర్ణయం వెలువడిన తరువాతనే.

మదుపుదారులు భగ్గుమన్నారు. న్యూయార్కు మార్కెట్లో సత్యం పత్రాల విలువ ఒక్కనాటిలో సగానికి పైగా పడిపోయింది. గంటల వ్యవధిలోనే బోర్డు వెనక్కు తగ్గింది. ఆ తరువాత మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని రామలింగరాజు లేఖ ద్వారా ఒప్పుకున్నారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను నింపే చివరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలు అని ఆ లేఖలోనే తెలిపారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా నిందితులకు జైలు శిక్ష విధించింది.

ఈ ఉదంతాన్ని లెక్కల మోసంగానే చెప్పుకోవడం పరిపాటి. నోటీసు దృష్టితో చూస్తే మరొక పాఠం కనిపిస్తుంది. వాటాదారులు ఎదురుతిరగకపోయి ఉంటే కొనుగోలు జరిగిపోయేది, బూటకపు లెక్క మరికొంతకాలం దాగి ఉండేది. యజమానులకు విషయం తెలిసి, వారు అభ్యంతరం చెప్పడమే ఆ చివరి అతుకును నిలువరించింది. తరువాత వచ్చిన 2013 చట్టం ఈ అనుభవాన్ని పట్టించుకున్నది. బంధుసంస్థలతో నిర్ణీత పరిమితిని మించి జరిగే వ్యవహారాలకు 188వ సెక్షను వాటాదారుల తీర్మానాన్ని తప్పనిసరి చేసి, ఆ వ్యవహారంలో ప్రయోజనం ఉన్న సభ్యుని ఓటును సాధారణంగా పక్కన పెట్టింది.

వాటాదారుకు ఏ హక్కు ఉన్నదో అది ఆ సంస్థ పుట్టిన చట్టంమీద కూడ ఆధారపడుతుంది. నంది పక్కనున్న ముద్దేనహళ్ళిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య చొరవతో 1913లో మైసూరు బ్యాంకు వెలిసింది. అది తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ మైసూర్‌గా మారి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. పది మైసూరు బ్యాంకు వాటాలకు 22 స్టేట్ బ్యాంకు వాటాలు అన్న నిష్పత్తిని నిర్ణయించినది రెండు బ్యాంకుల బోర్డులు, ఆమోదించినది కేంద్ర ప్రభుత్వం. అది స్టేట్ బ్యాంకు చట్టం కింద జరిగిన విలీనం. సాధారణ కంపెనీ విలీనంలో ఉండే వాటాదారుల ఓటింగు అందులో లేదు. ఊరి బ్యాంకు అన్న అభిమానంతో వాటా కొనడం వేరు, ఆ వాటాకు ఏ ప్రశ్నమీద ఓటున్నదో తెలిసి కొనడం వేరు.

సరిహద్దు గ్రామంలో మూడు అడ్డంకులు

చట్టం ఉన్నా పిలుపు ఎందుకు అందడం లేదు? ఇక్కడి పరిస్థితులలో కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది పేరు, చిరునామా. సభ్యత్వ పుస్తకంలో ఇంకా తాతగారి పేరే ఉంటుంది. పాలు పోసేది మనుమడు. తండ్రి మరణించి పదేళ్ళయినా వాటా మార్పు జరగదు. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట పొడి అక్షరంగా, ఇంకొకచోట అసలే లేకుండా ఉంటుంది. భార్య పితికి, పోసి, లెక్క చూసుకునే పాలకు సభ్యత్వం భర్త పేరున ఉంటుంది. పెద్ద కంపెనీల వాటాలలో ఈ నిర్లక్ష్యానికి మూల్యం మరింత ఎక్కువ. వరుసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకోకపోతే ఆ సొమ్మే గాక వాటాలు కూడ కేంద్ర ప్రభుత్వపు మదుపుదారుల విద్యా రక్షణ నిధికి పోతాయి. తిరిగి పొందే మార్గమున్నది గాని అది సుదీర్ఘమైనది.

రెండవది భాష. ఈ తాలూకాలలో బడి కన్నడం, ఇల్లు తెలుగు, కంపెనీ కాగితం ఇంగ్లీషు. నోటీసు ప్రకటనను ఇంగ్లీషు పత్రికలోను, కంపెనీ రిజిస్టర్డు కార్యాలయమున్న జిల్లాలోని దేశభాషా పత్రికలోను వేయాలన్న నియమముంది. వాటాదారు ఇంటి భాషను అది పట్టించుకోదు. చిన్నవారు కన్నడ నోటీసును సులువుగా చదువుతారు. పెద్దవారి చేతిలో అది ముద్రవేసిన కాగితం మాత్రమే. పూర్వం గ్రామంలో ముఖ్యవిషయం దండోరాతో తెలిసేది. చదువు రానివానికీ అది అందేది. నేటి నోటీసు చట్టరీత్యా బలమైనదైనా, చెవికి చేరే గుణాన్ని పోగొట్టుకున్నది.

మూడవది విద్యుత్ మార్గం. నోటీసును ఈమెయిలు ద్వారా పంపడాన్ని చట్టం అంగీకరిస్తుంది. 2020లో కోవిడ్ కాలంలో వీడియో ద్వారా సభలు జరుపుకోవడానికి కేంద్రం అనుమతించగా, ఆ పద్ధతి తరువాతి ఏళ్ళలోను కొనసాగింది. దూరాన ఉన్న వాటాదారుకు ఇది వరమే. నంది నుండి ముంబయి పోకుండా ఓటు వేయవచ్చు. కాని ఖాతా తెరచిననాడు ఇంటర్నెట్ సెంటరు నడిపేవాని ఈమెయిలునే రాయించిన రైతుకు ఆ నోటీసు ఎన్నటికీ అందదు. చట్టం దృష్టిలో మాత్రం అది అందినట్లే.

సభ్యుని చేతిలో ఉన్నది

నెపం సంస్థలమీద మాత్రమే వేయడం న్యాయం కాదు. సభ్యత్వ పుస్తకంలో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, వారసుని నామినేషను సరిచేయించుకోవడం సభ్యుని పని. ఈ మార్పులను వ్రాతపూర్వకంగా కోరి, నకలు మీద సంస్థ ముద్రతో తేదీ వేయించుకుంటే రేపు అదే సాక్ష్యం. సభకు హాజరైననాడు హాజరు పుస్తకంలో స్వయంగా సంతకం చేయాలి. హాజరు కాని సభకు ఎవరడిగినా, ఎంత దగ్గరివారడిగినా సంతకం చేయరాదు. ఓటర్ల ముసాయిదా జాబితా ప్రకటించినప్పుడు పేరు చూసుకుని, లేకపోతే గడువులోగా అభ్యంతరం దాఖలు చేయాలి.

కంపెనీ వాటాదారు సర్వసభ్య సభల మినిట్సు పుస్తకాన్ని రుసుము లేకుండా చూడవచ్చు, నకలు కోరవచ్చు. వార్షిక సభ అసలే జరపకపోతే ఏ ఒక్క సభ్యుడైనా 97వ సెక్షను కింద కంపెనీ లా ట్రిబ్యునలును ఆశ్రయించవచ్చు. చెల్లించిన వాటా మూలధనంలో పదో వంతు కలిగిన సభ్యులు ప్రత్యేక సభ కోరితే బోర్డు 21 దినాలలో చర్య తీసుకోవాలి. రైతు కంపెనీలో సభ్యులలో మూడో వంతు మంది కోరితే సభ పిలవాలి. ఎందుకు కోరుతున్నారో కారణాలు చెప్పవలసిన బాధ్యత వాటాదారుకు లేదని ఎల్.ఐ.సి., ఎస్కార్ట్స్ వివాదంలో 1985 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి ఒ. చిన్నపరెడ్డి.

సంస్థల వైపునుండి జరగవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. నోటీసు సారాంశాన్ని కన్నడంతోపాటు తెలుగులోను అరపుట వ్రాసి పంచవచ్చు. పాలు పోసే వేళ డైరీ వద్ద వరుసగా మూడు రోజులు బిగ్గరగా చదివించవచ్చు. నోటీసు ముట్టినట్లు సంతకానికి ఒక పుస్తకం, సభ హాజరుకు వేరొక పుస్తకం పెట్టవచ్చు. ఈ రెండు పుస్తకాలు వేరుగా ఉన్నప్పుడే ఎవరికి పిలుపు అందలేదో, ఎవరు పిలిచినా రాలేదో తేటతెల్లమవుతుంది. రానివాని ఓటు తీసివేయడానికి ముందు అతనిని పిలిచిన రుజువు చూపవలసిన బాధ్యత సంఘానిదేనన్న పద్ధతి స్థిరపడితే, కోర్టుకెక్కే తగాదాలలో చాలా భాగం గ్రామంలోనే సమసిపోతాయి.

సభ్యులు రావడంలేదని పాలకవర్గాలు వాపోతుంటాయి. పిలవడంలేదని సభ్యులు వాపోతుంటారు. ఈ రెండు ఫిర్యాదులలో ముందుగా తీర్చదగినది రెండవది. సభకు రావడం సభ్యుని ఇష్టం. పిలవడం సంస్థ విధి. విధి నెరవేరిన తరువాతనే ఇష్టాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికైనా లభిస్తుంది.